ముగ్గు తెలుపు

ఫోటోల పనికి ఏ మానిటర్ కొనాలో చెప్పమని ఎవరైనా అడిగితే నాకు చిరాకు వస్తుంది. పాతికేళ్ళకు పైగా స్టూడియో నడుపుతున్నవాణ్ణి, అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. చెప్పడం చేతకాకా కాదు. ఒకప్పుడు నెల రోజులపాటు అనంతపురం, బెంగళూరు తిరిగి, కనిపించిన ప్రతి మానిటర్ ముందూ కూర్చుని, సరైనవాటినన్నిటినీ వరసపెట్టి కాదని తోసేసిన ఘనుణ్ణి నేను. ఆ నెల రోజులు నావి అయ్యుంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. అవి మా నాయనవి.

మాది ధర్మవరం. మా నాయన పట్టు నూలుకు రంగులు వేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు రాగి గంగాళాలు, కింద కట్టెల పొయ్యి, దండెం మీద చిలపలుగా కట్టి ఆరేసిన నూలు. షావుకారు చిన్న గుడ్డ పీలిక తెచ్చి ఇదే రంగు కావాలంటే, ఆ పీలికను ఎండలో ఒకసారి, గడప నీడలో ఒకసారి చూసి, దాన్ని తిరిగి ఇచ్చేసేవాడు. సాయంత్రానికి దండెం మీద అదే రంగు ఆరుతూ ఉండేది. తూకం లేదు, పుస్తకం లేదు. మెంతి రంగు, ఉల్లిపొర రంగు, గచ్చకాయ రంగు, నెమలికంఠం, ఇవన్నీ ఆయన కంటిలోనే ఉండేవి. నా కంప్యూటర్‌లో లక్షల రంగులున్నాయని గొప్పగా చెప్పినప్పుడు, అన్ని వద్దులే, ఒక్క మెంతి రంగు చూపించు చాలన్నాడు. చూపించలేకపోయాను.

రంగులు వేసేవాళ్ళ చేతులు సొంత రంగులో ఉండవు. మా నాయన చేతులు చూస్తే వచ్చే వారం ఊళ్ళో మగ్గాల మీద ఏ చీరలు నేస్తారో చెప్పవచ్చు. పంచె మీద చిందిన మరకలు, ఆకువక్కతో ఎర్రబడ్డ పళ్ళు, గోళ్ళ సందుల్లో నీలం. మా అమ్మ దాన్ని చెప్పి నవ్వేది. పెళ్ళినాడు పసుపు పూసి కూర్చోబెట్టారట, మరునాటి నుంచి రంగుల షెడ్డట, మొగుడి అసలు రంగేమిటో తాను ఇంతవరకూ చూడనే లేదట. ఒంటి మీద తెల్లగా మిగిలినవి రెండు కళ్ళే అని మేమూ నవ్వేవాళ్ళం. ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నామో లెక్కలేదు. ఆ మాటే తర్వాత నా కొంప ముంచింది.

ఆ రోజుల్లో నేను రీలు కెమెరా వదిలి డిజిటల్‌కు మారుతున్నాను. కుందుర్పి, యాడికి, గుత్తి, ఎక్కడ పెళ్ళి ఉంటే అక్కడికి బస్సులో పోయి ఫోటోలు తీసి, వచ్చి కంప్యూటర్‌లో దిద్ది, అనంతపురంలోని ల్యాబులో ప్రింట్లు వేయించేవాణ్ణి. నా మానిటర్ ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే కొన్న పాతది. దాని తెలుపు నీలిమందు పెట్టిన పంచెలాగా తళతళలాడేది. అది చూసి నేను మురిసిపోయేవాణ్ణి. కానీ ఆ మానిటర్ మీద ఎంత బాగా దిద్దినా, ప్రింటు మాత్రం పసుపు తిరిగి వచ్చేది. యాడికి నుంచి ఒక పెళ్ళివారు ఆల్బం తెరిచి, పిల్లకు కామెర్లు తెప్పించినావు కదప్పా అన్నారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందని ఇంకొకాయన సామెత విసిరిపోయాడు. నాకు మండిపోయింది. ఆ కోపంలో నాలుగు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మా నాయన మాత్రం ఆల్బమూ మానిటరూ పక్కపక్కన చూసి తేల్చేశాడు. ఆయన దృష్టిలో మానిటర్ కూడా టీవీనే.

"నీకు గాదులేరా. నీ టీవీకి కామెర్లు వచ్చినాయి."

ఇంట్లో అందరం నవ్వాం. అప్పటి నుంచి అది మా ఇంటి మాట అయిపోయింది. ఏ ప్రింటు పాడైనా టీవీకి కామెర్లు తగ్గలేదా అని అమ్మ అడిగేది.

నవ్వులాట అక్కడితో ఆగితే బాగుండేది. నాయనకు నూలు ఇచ్చే షావుకారు, పెళ్ళిళ్ళ కాలానికి చీరల బొమ్మలతో చిన్న పుస్తకం వేయించి పై ఊళ్ళ దుకాణాలకు పంపాలనుకున్నాడు. రంగులు నాయనవి, ఫోటోలు కొడుకువి, బాగుంటుందన్నాడు. నేను ఇరవై చీరలు ఫోటోలు తీసి, దిద్ది, శివకాశిలోని ప్రెస్సుకు పంపాను. నమూనా కాగితాలు వచ్చాయి. మెంతి రంగు పసుపుకొమ్ము రంగైంది. ఉల్లిపొర వేరుశనగ పొట్టు రంగైంది. షావుకారు మమ్మల్ని పిలిపించి, ఆ కాగితాలను మా నాయన ముందు పరిచి, నెమ్మదిగానే అన్నాడు. ఇది చూసినవాళ్ళు ఈ రంగులు నువ్వే వేసినావనుకుంటారు అని. పుస్తకం ఇంకొక్కసారి చెడితే ఫోటోల పని బయటివాళ్ళకు పోతుందని, నూలు సంగతి కూడా ఆలోచించవలసి వస్తుందని అర్థమయ్యేలా మాట్లాడాడు. నలభై ఏళ్ళలో రంగు విషయంలో మాట పడని మనిషి నా వల్ల పడ్డాడు. ఇంటికొచ్చి నాయన చేతులు కడుక్కుంటూ, ఆ టీవీ మార్చు అని మాత్రం అన్నాడు.

ఎలా ఎంచాలో కూడా ఆయనే చెప్పాడు. అంగడివాడి మాట నమ్మొద్దు, చేతిలో నూలు పట్టుకొని పో, అదే నూలు బొమ్మ అక్కడ వేయించి చూడు, రెండూ ఒకటైతే తీసుకో అన్నాడు. ఇప్పుడు పుస్తకాలు చదివినవాళ్ళు చెప్పేదీ దాదాపు అదే. మరుసటి ఉదయం, ఎండ పదునెక్కక ముందే ఆయన్ను వీధి గడప మెట్టు మీద కూర్చోబెట్టాను. ఎడమ చేతి మీద ఆరు రంగుల చిలపలు, కుడి చేతిలో రంగు వేయని తెల్ల చిలప. కాళ్ళ ముందు అమ్మ అప్పుడే వేసిన ముగ్గు. కదలొద్దు అంటే, రంగులు కదుల్తాయా ఏందిరా అన్నాడు. నవ్వబోయి ఆపుకున్న ముఖం. నేను ఆయనకు తీసిన ఫోటోల్లో అదే బాగా వచ్చింది.

ముందు అనంతపురంలో, ఏమీ దిద్దకుండా ఒక ప్రింటు వేయించాను. ఇంటికి తెస్తే మొదట అమ్మే చూసింది. రంగుల చిలపలు చూడలేదు. నేరుగా ముఖం దగ్గరికి పోయింది ఆమె చూపు.

"మీ నాయన కండ్లు ఇట్లుండాయేమప్పా?"

కళ్ళలో తెల్లగుడ్డు పసుపుగా ఉంది. నేను విసుక్కున్నాను. ఇదేకదా నెల రోజులుగా నేను పడుతున్న బాధ, ప్రింట్లన్నీ ఇట్లే చస్తున్నాయి, కనపడటం లేదా అన్నాను. ఇంటి మానిటర్ మీద అదే ఫోటో తెరిచి చూపించాను. నీలిమందు తెలుపులో నాయన కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చూడు, ఇక్కడ బాగుంది, కాగితం మీద చెడింది అన్నాను. అయినా ఆమె ముఖం తేలికపడలేదు. అందుకని మౌస్ పట్టుకుని ఆ రెండు కళ్ళ వరకే పసుపు తగ్గించి, మళ్ళీ ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. అప్పుడామెకు నెమ్మది కలిగింది. కళ్ళ వరకే దిద్దితే సరిపోయింది కదా, మరి ముగ్గును, గోడను ఎందుకు దిద్దవలసిన అవసరం రాలేదని నాకు ఆ రోజు తట్టలేదు. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

సంచిలో ఏడు చిలపలు, ఒక సీడీ వేసుకుని తిరగడం మొదలుపెట్టాను. నాయన పద్ధతి మొదటి అంగట్లోనే తిరగబడింది. పట్టు రంగు వెలుతురును బట్టి మారుతుంది. మా మెట్టు మీద మెంతి రంగు, అంగడి ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చ తిరిగింది. బయటికి తెచ్చి చూస్తే ఒకటి, లోపల చూస్తే ఒకటి. తెల్ల చిలపకూ అసలు తెలుపు లేదు, పట్టుకు ఎప్పుడూ కాస్త వెన్న చాయ ఉంటుంది. పంచె చూద్దామంటే మరకలమయం. ఇక ఆ ఫోటోలో నమ్మదగ్గ తెలుపు ఏమిటని వెతుక్కుంటే, ఇంట్లో నవ్వుకునే మాట గుర్తొచ్చింది. మా నాయన ఒంటి మీద తెల్లవి రెండు కళ్ళే. ఏ మానిటర్ మీద ఆ కళ్ళు తెల్లగా కనిపిస్తే అదే నిజం చెబుతున్నట్టు. ఈ ఉపాయం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అనంతపురంలో మూడు అంగళ్ళు చూశాను. చవకవాటిల్లో కళ్ళు తెల్లగానే ఉన్నాయి, కానీ అవి మా ఇంటిదానిలాగే ఉన్నాయి కనుక నమ్మకం కుదరలేదు. బెంగళూరు పోయాను. అప్పుడప్పుడే పలకలాంటి సన్న మానిటర్లు వస్తున్నాయి. వాటి ముందు తల కొంచెం పైకెత్తితే మా నాయన పాలిపోయేవాడు, కిందికి దించితే నల్లబడేవాడు. ఒక అంగట్లో నేను లేచి కూర్చుని, లేచి కూర్చుని చూస్తుంటే, అక్కడివాళ్ళు నన్ను చూసి పని మానుకున్నారు. ఫోటోలవాళ్ళకోసమే తయారైనవని చెప్పే ఖరీదైన మానిటర్లూ చూశాను. విచిత్రమేమంటే, ధర పెరిగేకొద్దీ కళ్ళు ఇంకా పసుపుగా కనిపించేవి. అన్నిటికంటే ఖరీదైనదాంట్లో మరీ పచ్చగా. ధరతోపాటు కామెర్లు ముదురుతున్నాయని అంగడివాడితో పరాచికమాడాను. సార్, ఇదే కరెక్టు అని అతను మొత్తుకున్నాడు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడని వచ్చేశాను.

ఇలా మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో ఇంట్లో ఏం జరుగుతోందో నా కళ్ళముందే ఉంది. నాయన అన్నం సగంలో వదిలేసి లేస్తున్నాడు. ఎండలు కదా, నోటికి హితవుగా లేదన్నాడు. చేతులు, వీపు గోక్కుంటున్నాడు. కొత్తగా వచ్చిన రంగు పొడి ఒంటికి పడలేదన్నాడు. మనిషి కాస్త తగ్గాడు. పుస్తకం చెడిందని దిగులు పెట్టుకున్నాడనుకుని, నేను మరింత పట్టుదలగా బెంగళూరు బండి ఎక్కాను. చేతులు పసుపుగా ఉన్నాయి, అది ఎవరికీ వింత కాలేదు. ముహూర్తాల కాలం, గంగాళంలో రోజూ పసుపు రంగే. వీధిలో ఎదురైనవాళ్ళు ఆ చేతులు చూసి, పెండ్లి చీరలు బాగా పడినట్టుండాయే అని పలకరించేవాళ్ళు.

మూడోసారి బెంగళూరు పోయినప్పుడు ఎవరో ఒక మేడ మీది గది చూపించారు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో రంగుల విభాగంలో పనిచేసి మానేసిన పెద్దాయన, ప్రెస్సులవాళ్ళకు మానిటర్లు తెప్పించి ఇస్తాడట. కన్నడం మాట్లాడే మనిషి, తెలుగు బాగా వచ్చు. నేను ఏమీ చెప్పకముందే కిటికీ మూసి, లైట్లు తగ్గించి, ఎలుకపిల్లంత పరికరం ఒకటి మానిటర్ తెరకు ఆనించి వేలాడదీశాడు. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరాయి. ఆ పరికరం రంగులను కొలిచి మానిటర్‌ను సరిచేస్తుందని, మన కంటికి అలవాటు ఉంటుంది కానీ దానికి ఉండదని చెప్పాడు. అప్పుడు నా సీడీ అడిగాడు.

మా నాయన తెర మీదికి వచ్చాడు. మెంతి రంగు మెంతి రంగులాగా ఉంది. ఉల్లిపొర ఉల్లిపొరే. నేను ముందుకు వంగాను. ఆ రంగులను తెర మీద అట్లా చూడటం అదే మొదటిసారి. కానీ కళ్ళు పసుపు. ఇన్ని అంగళ్ళలో చూసినదానికంటే ఎక్కువ పసుపు.

నాకు నీరసం వచ్చింది. మీదీ అంతేనా సార్ అన్నాను. నా బాధంతా వెళ్ళగక్కి, కళ్ళు తెల్లగా ఉండాలి కదా, అదే నా కొలత అని చెప్పాను. ఆయన మళ్ళీ ఫోటో వైపు తిరిగాడు. ఇందులో ఇంకేం తెలుపు ఉందని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆయన వేలు ఫోటో కిందికి జరిగి, నాయన కాళ్ళ దగ్గర ఆగింది. అమ్మ ముగ్గు. నెల రోజుల్లో నేను ఒక్కసారి కూడా చూడని చోటు.

మౌస్ బాణాన్ని ముగ్గు గీత మీద పెట్టాడు. పక్కన మూడు అంకెలు కనిపించాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సమానంగా ఉంటే అది తెలుపు, చూడు, దాదాపు సమానం అన్నాడు. తర్వాత బాణం మా నాయన కంటి మీదికి పోయింది. నీలం అంకె పడిపోయింది. రెండో కన్నూ అంతే.

"ముగ్గు తెల్లగానే ఉండాదప్పా. మానిటర్‌లో దోషం లేదు. ఈ పెద్దాయన ఎవరు?"

మా నాయన అన్నాను.

"ఎప్పటి ఫోటో?"

నెల దాటిందని చెప్పాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆసుపత్రికి పిలుచుకొని పోయినారా అని అడిగాడు. నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మానిటర్ గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఆసుపత్రి ఎందుకొచ్చిందా అనిపించింది. ఆయన రంగులు వేసే మనిషి సార్, ఒళ్ళంతా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, అది రంగు అన్నాను.

"కంట్లోకి రంగు యాడ నుంచి వస్తాదప్పా?"

కాళ్ళ కింద నేల లేనట్టయింది అని అందరూ అంటుంటే వినేవాణ్ణి. నాకు అట్లా కాలేదు. చెవులు మూసుకుపోయాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. నా చేతిలో తెల్ల చిలప ఉంది, దాన్ని ఎందుకు పట్టుకున్నానో తెలియలేదు. తెర మీద మా నాయన నవ్వు ఆపుకుంటూ నన్ను చూస్తున్నాడు, పచ్చటి కళ్ళతో. అన్ని అంగళ్ళలో, అన్ని తెరల మీద, నెల రోజులు అట్లాగే చూశాడు. ఆ మనిషి ముఖాన్ని నేను రోజుకు ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో! ఒక్క కన్నే తెరంతా నిండేట్టు కూడా చూశాను. చూసి, మానిటర్ బాగాలేదన్నాను.

ఇంకొకటి తెలిసి మరీ కుంగిపోయాను. ఆ మూడు అంకెలు మానిటర్‌ను బట్టి మారవట. ఫోటోలోనే ఉంటాయట. మా ఇంట్లో, ఆ పాత మానిటర్ మీద కూడా, ముగ్గు మీద ఒకసారి, కంటి మీద ఒకసారి బాణం పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేది. బెంగళూరు రావలసిన పనే లేదు.

మానిటర్ మాట ఎత్తకుండా బండి ఎక్కాను. దిగేసరికి ఇంకా పొద్దు ఉంది. నేరుగా షెడ్డుకు పోయాను. నాయన పసుపు చిలపలు పిండి దండెం మీద వేస్తున్నాడు. యాడన్నా దొరికిందా టీవీ అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కుపోయి సబ్బు పెట్టి కడగడం మొదలుపెట్టాను. నా జన్మలో ఎప్పుడూ అట్లా చేసినవాణ్ణి కాదు. ఆయన ఆశ్చర్యపోయి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు, నేను వదల్లేదు. గోళ్ళలోని నీలం కొంత పోయింది. వేళ్ళ మీది ఎరుపు కొంత పోయింది. పసుపు పోలేదు. చొక్కా చేతులు పైకి తోశాను. గంగాళంలోని రంగు ఎన్నడూ తాకని చోటు, మోచేతి పైన, భుజం దాకా అదే పసుపు. నీళ్ళు ధారగా పోస్తున్నాను, తొట్టిలోకి పడే నీళ్ళు తెల్లగా పోతున్నాయి.

కింది రెప్ప వేలితో దించి చూశాను. చూడవలసిన అవసరం కూడా లేదు. ఎండలో ఎదురుగా నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది. మా నాయన నా ముఖంలో ఏం చూశాడో కానీ, ఇట్లా అన్నాడు.

"అయితే కామెర్లు టీవీకి గాదన్నమాట."

హాస్యంగానే అన్నాడు. నేను అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాం. ఆమె నాయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. లోపలికి పోయి గోడకున్న ఫోటో ముందు నిలబడింది. అందులో ఆయన కళ్ళు తెల్లగా ఉన్నాయి. దీంట్లో బాగుండాయి కదా అని తనలో తాను అనుకున్నట్టు అంది. నెల రోజులుగా ఆమెకు అనుమానం వచ్చినప్పుడల్లా ఆ ఫోటో చూసి సమాధానపడిందని అప్పుడు తెలిసింది. మనిషిని ఎదురుగా పెట్టుకుని, నేను దిద్దిన బొమ్మను నమ్మింది.

బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పైత్యం పారే గొట్టం మూతి దగ్గర గడ్డ ఉందన్నారు. నొప్పి లేకుండా పెరుగుతుందట. పసుపు తిరగడమే అది ఇచ్చే మొదటి కబురట. ఎన్నాళ్ళుగా ఇట్లా ఉందని డాక్టరు అడిగితే, మా దగ్గర సాక్ష్యం ఉంది కనుక సరిగ్గా చెప్పగలిగాను. నెలా పది రోజులు. అప్పుడే వచ్చుంటే ఎలా ఉండేదని అడిగాను. ఆయన మంచి మనిషి. చెప్పలేం అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే చెప్పలేకనో, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బాగయ్యేదని చెప్పినా, కాదని చెప్పినా నాకు ఒక దారి దొరికేది.

గడ్డ తీయడానికి వీలు కాలేదు. పైత్యం దిగడానికి సన్న గొట్టం వేసి పంపారు. పసుపు కొన్నాళ్ళు తగ్గింది. ఆ కొన్నాళ్ళలో మేడ మీది పెద్దాయన దగ్గర ఆ మానిటర్ కొన్నాను. నాయనే కొనమన్నాడు, షావుకారుకు ఇచ్చిన మాట ఉందన్నాడు. ఇరవై చీరలూ మళ్ళీ మొదటి నుంచి దిద్దాను. ఆయన దిండ్లకు ఆనుకుని నా పక్కనే కూర్చుని, చిలప చేతిలో పట్టుకుని తెరతో పోల్చి చూసేవాడు. ఆకుపచ్చ కొంచెం తగ్గించు, ఊఁ, ఇప్పుడు మెంతి అనేవాడు. నీలం పెట్టిన తెలుపును నమ్మి చెడినాం, పసుపెక్కిన పంచెకు నీలం పెడితే తెల్లగా కనపడేది నాకు తెలీదా, నీ పాత టీవీ చేసింది అదే కదా, నాకైనా తట్టల్యా అని ఒకరోజు తనను తాను తిట్టుకున్నాడు. తప్పులో సగం తన నెత్తిన వేసుకోవాలని చూశాడు. నేను ఒప్పుకోలేదు.

శివకాశి నుంచి నమూనా కాగితాలు వచ్చాయి. షావుకారు స్వయంగా ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాడు. నాయన ఒక్కో కాగితం కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఉల్లిపొర దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఇవి నా రంగులే అన్నాడు. పుస్తకం అచ్చై వచ్చేసరికి ఆయన లేడు.

కర్మలన్నీ అయ్యాక, పటం కట్టించే మాట వచ్చింది. గోడ మీదిదే ఉంది కదా అన్నారు బంధువులు. అమ్మ దాన్ని మేకు నుంచి తీసి నా చేతికిచ్చింది.

"ఇది నువ్వు చేసింది. నాకు ఆ పొద్దు నువ్వు మొదట తెచ్చినావే, అది కావాల."

మొదటి ప్రింటు ఎప్పుడో పారేశాను. దిద్దని ఫోటోనే సీడీలో వేసుకుని అనంతపురం ల్యాబుకు పోయాను. పెద్ద సైజులో వేయమని ఇచ్చి, టీ తాగి వచ్చాను. ఆపరేటరు నాకు ఎన్నో ఏళ్ళుగా తెలిసినవాడు, పనిమంతుడు. కవరు అందిస్తూ ముఖం వెలిగించుకుని అన్నాడు.

"అన్నా, పెద్దాయన కండ్లు పచ్చగా పడినాయి. నేనే సరిచేసినా, చూడు."

కవరు తెరిచాను. కళ్ళు మల్లెపూలలాగా ఉన్నాయి. నేను చేసినదానికంటే బాగా చేశాడు. ప్రింటును మళ్ళీ కవర్లో పెట్టేశాను. బాగాలేదా అన్నా అని అతను కంగారుపడ్డాడు. అతని మానిటర్ వైపు చూశాను. మంచిదే. ముగ్గు తెల్లగా ఉంది. కళ్ళు పచ్చగా ఉన్నాయని అతనికి కనిపించనే కనిపించింది. కనిపించింది కాబట్టే దిద్దాడు. నాలాగే.

అతని మీద కోపం రాలేదు. ఆ కళ్ళు అట్లాంటివే, ఉన్నది ఉన్నట్టు వెయ్యి అని చెప్పాను. అతను ఫోటో వైపు, నా ముఖం వైపు చూసి, ఇంకేమీ అడగకుండా వేసిచ్చాడు.

ఇంటికి తెచ్చి అమ్మకు ఇచ్చాను. ఆమె గడప దగ్గర వెలుతురులోకి పోయి, ఫోటోను దగ్గరగా పట్టుకుని చూసింది. ఆయన కళ్ళ మీద వేలు పెట్టి నాకు చూపించింది.

"చూడు. నాకు ఆ పొద్దే కనపడింది కదప్పా."